శాంతం కోసం చోడవరం

మాఘ మాసం, బహుళ పక్షం, శుక్రవారం. చోడవరం.

హాజరైనవారు: నేను. నా భార్య అన్నపూర్ణ. మా వియ్యంకుడు సన్యాసిరావుగారు, పదవీ విరమణ చేసిన డ్రాయింగు మాస్టారు, ఇప్పుడు పూర్తికాలపు చిత్రకారుడు. వియ్యపురాలు నరసమ్మగారు. గోడకు ఆనించిన ఎనిమిది బొమ్మలు. తొమ్మిదోది రావలసి ఉంది.

నా డైరీలో ఏ రోజైనా ఇలాగే మొదలవుతుంది. కాలేజీ రోజుల నుంచి ఉన్న అలవాటు. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుంటే, ఎవరు ఏమన్నారన్న దాని మీద తరువాత ఇంట్లో గొడవలు ఉండవు. ఉంటాయి, కానీ త్వరగా తేలతాయి.

మాది తెనాలి. నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా అమ్మాయి, అల్లుడు విశాఖపట్నంలో ఉంటారు. అల్లుడిది ఫ్యాక్టరీ ఉద్యోగం. పెళ్లి కూడా విశాఖలోనే జరిగింది కాబట్టి వియ్యంకుడిగారి సొంత ఊరు చూసే అవకాశం మాకు ఇన్నాళ్లూ రాలేదు. ఒక రోజు మా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, శివరాత్రి తరువాత బొమ్మలు వేయడం మానేస్తానని మామయ్యగారు పట్టుబట్టి కూర్చున్నారు. అత్తయ్యగారు భయపడుతున్నారు. నువ్వు వెళ్లి ఒకసారి మాట్లాడు. నీ మాటంటే ఆయనకు గౌరవం."

ఈ చివరి వాక్యం, నాకు ఏదైనా పని అంటగట్టే ముందు మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ వాడేదే. అయినా బయలుదేరాం.

అనకాపల్లి నుంచి లోపలికి

అనకాపల్లిలో బస్సెక్కితే, ఊరు దాటగానే చెరుకు తోటలు మొదలవుతాయి. ఇది బెల్లం వండే కాలం. కిటికీలోంచి వచ్చే గాలి కూడా తియ్యగా ఉంది. నా పక్క సీటాయన ఒళ్లో గోనెగుడ్డలో చుట్టిన బెల్లం దిమ్మను పసిపిల్లవాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏ ఊరు బాబూ?"

"తెనాలి."

"అక్కడ బెల్లం దొరకదేటి?"

"దొరుకుతుందండీ."

"ఇలాటిది?"

ఆయన ముఖం చూసి, "ఇలాంటిది దొరకదు" అన్నాను. ఆయన గోనె విప్పి, గోటితో ఒక పెచ్చు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని అప్పటికప్పుడు తినకుండా మర్యాదగా జేబులో వేసుకోవడం ఈ ప్రయాణంలో నా మొదటి పొరపాటు. చోడవరంలో దిగేసరికి నా చొక్కా జేబు, ఫోను, కళ్లజోడు ఒకే కుటుంబమైపోయాయి. సాయంత్రానికి చీమలు కూడా ఆ కుటుంబంలో కలిశాయి.

బస్టాండులో టీ పది రూపాయలు. మా ఊళ్లోనూ అంతే, గ్లాసు మాత్రం ఇక్కడ ఒక పిసరు చిన్నది. చెరుకు రసం ఇరవై. అది మాత్రం మా ఊళ్లో కంటే పెద్ద గ్లాసు, ఐసు వేసి మోసం చేయరు.

సన్యాసిరావుగారు బస్టాండుకు వచ్చారు. పొడుగు మనిషి, చేతి గోళ్లలో నీలం రంగు. ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది కదా అన్నాను.

"బోర్డు మారింది గానీ నేను మారలేదు కదండీ బావగారూ. నాది విశాఖపట్నం జిల్లాయే."

ఇంటికి నడుస్తుంటే ఒక చిన్న సంగతి జరిగింది. ఒక ఇంటి అరుగు మీద, వీధి వైపు తిప్పి, కుర్చీలో ఎవరో పెద్దాయన ఫోటో పెట్టి ఉంది. దండ, అగరొత్తి. మా వియ్యంకుడు చెప్పులు విడిచి, ఫోటో ఎదుట చేతులు కట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ చెప్పులు వేసుకుని వచ్చేశారు. లోపలివాళ్లను పలకరించలేదు.

"బాగా తెలిసినవారా?" అన్నాను.

"తెలీదండీ. మా ఈధుల్లో కుర్చీ మీద ఫోటో కనిపిస్తే ఆగి నిలబడాలి, అంతే. పువ్వో పండో ఉంటే పెట్టాలి. ఏటీ అడక్కూడదు."

"అసలేమీ అడగరా?"

"పోయినోళ్ల ఇంట్లో ప్రశ్నలేటండీ?"

మా తెనాలిలో అయితే చెప్పులు విడవకముందే అడుగుతాం. ఎప్పుడు, ఎలా, ఏ ఆసుపత్రి, బిల్లెంతైంది, ఇంకో ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదు. ఇక్కడి పద్ధతే బాగుందని అనుకున్నాను. సోమవారం ఉదయం దాకా అదే అభిప్రాయంతో ఉన్నాను.

ఎనిమిది ముఖాలు

మధ్యాహ్నం భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన ఆనపకాయ పులుసు. మేము సొరకాయ అనేదాన్ని వీళ్లు ఆనపకాయ అంటారు. పులుసులో ఇంత బెల్లం మా ఇంట్లో వేస్తే దాన్ని పాయసం కింద లెక్కకడతాం. అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను. మా ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడిని వియ్యంకుడిగారు ఇష్టంగా పెద్ద ముద్ద కలుపుకున్నారు. ఆయన ముఖంలో ఎన్ని భావాలు వరుసగా వచ్చి వెళ్లాయో చెప్పలేను. చివరికి నోరు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

తిరిగి వచ్చాక బొమ్మల గది చూపించారు. నవరసాల్లో ఎనిమిది పూర్తయ్యాయి. ఒక్కొక్కటి రెండు మూరల కాన్వాసు, దాని నిండా ఒకే ముఖం. ఎవరి ముఖాన్నీ ఎదురుగా కూర్చోబెట్టి వేయలేదట. ఊళ్లో తిరుగుతూ పట్టుకున్నారట. రంగులు మాత్రం మనుషుల రంగులు కావు.

ఎర్రగా మండుతున్న రౌద్రం ఒక బస్సు కండక్టరుది. పది రూపాయల టికెట్టుకు ఎవరో ఐదు వందల నోటు ఇచ్చినప్పటి క్షణం. బీభత్సం ఎదురింటి పెద్దమనిషిది, డాక్టరు చెప్పాక మొదటిసారి చక్కెర లేని కాఫీ తాగినప్పటిది. వీరం, సంతలో పుంజును చంకలో పెట్టుకున్న ముసలాయన. అందులో పుంజు ముఖం ఇంకా వీరంగా ఉంది. కరుణ నరసమ్మగారిదే, సీరియల్ మధ్యలో కరెంటు పోయినప్పుడు. భయానకం ముందు ఆగిపోయాను. ఆకుపచ్చ ముఖం, గుండ్రటి కళ్లు, ఎక్కడో చూసినట్టుంది.

"మావోడేనండీ. మీ ఇంట్లో పెళ్లిచూపులకి కూకున్నప్పుడు."

మా అల్లుడు. ఆ రోజు అతను వినయంగా ఉన్నాడని మేము అందరికీ చెప్పుకున్నాం.

శృంగారం ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయిది. ఎవరని అడగబోయాను. నరసమ్మగారు అప్పటికే ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయారు కాబట్టి అడగలేదు.

అన్నీ చూశాక ఏదో ఒకటి అనాలి కదా. "రంగులు బాగా కుదిరాయి బావగారూ" అన్నాను.

ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

"అందరూ అదే అంటారండీ. పోయినేడు కల్యాణ మండపంలో ప్రదర్శన పెట్టేను. ఊరంతా వచ్చేరు. రంగులు బాగా కుదిరేయన్నారు. ఫలహారం బాగున్నాదన్నారు. ఒక్కళ్లకి కన్ను తడవలేదు. ఒక ముసలాయన భయానకం ముందు కళ్లు తుడుచుకుంటంటే ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తేను. ఆయనకి ఆ వారమే కంటి ఆపరేషనైందట."

"మెచ్చుకోవడం చాలదా?"

"చాలదండీ. సూడండి, చెరుకు రసం కాగుతుంటే పెనంలో తెట్టు లేస్తాది. తీసినకొద్దీ లేస్తాది. ఈ ఎనిమిదీ తెట్టు. అదంతా తీసేసేక అడుగున మిగిలేదేటో అది శాంతం. నాకు దేవుడంటే అదే. జనం గుళ్లో సూస్తారు, నేను ముఖాల్లో సూస్తాను. అది నాకు దొరికిందో లేదో నాకెలా తెలుస్తాది? సూసినోళ్లకి లోపల ఏదో కదలాలి. శివరాత్రికి తొమ్మిదోది వేస్తాను. దాన్ని సూసి ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు, కన్నీళ్లు పెట్టుకుంటే కుంచె పట్టుకుంటాను. లేపోతే కడిగేసి అటకెక్కించేస్తాను. నలభయ్యేళ్లు చాలు."

నేను సిద్ధం చేసుకొచ్చిన మాటలు ఏవీ దీనికి సరిపోవని అర్థమైంది. మంచినీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళితే నరసమ్మగారు గొంతు తగ్గించి అడిగారు.

"ఏటన్నారు అన్నయ్యగారూ?"

"శివరాత్రి అంటున్నారమ్మా."

"మానేస్తే ఈయన ఎక్కడ కూకుంటాడు? ఇదిగో ఇక్కడే. మొన్న వారం రోజులు జొరమొచ్చి బొమ్మెయ్యలేదు. నా పోపు డబ్బాలు రంగుల వరసలో సర్దీసేడు. పసుపు పక్కన మెంతులు, మెంతుల పక్కన శెనగపప్పు. జీలకర్ర ఇప్పటికీ దొరకలేదు. మీరెలాగైనా ఆ బొమ్మ పూర్తి సేయించండి."

పైడమ్మ ముక్కుపుడక

శనివారం ఉదయం శాంతం కోసం వేట మొదలైంది. వీధిలో ఆనపకాయలు అమ్మే పైడమ్మ గంప దింపి మా ఆవిడతో బేరమాడుతోంది. రోలుగుంట వైపు నుంచి వస్తుంది. డెబ్బై దాటి ఉంటాయి.

"ముప్పై చెప్తున్నావు, ఇరవైకి ఇవ్వు" అంది అన్నపూర్ణ.

"ఇరవైకి కాడ ఇస్తాను, కాయి నాను పట్టుకెలిపోతాను."

ఆమె ముఖంలో ఏదో నిబ్బరం ఉందని వియ్యంకుడిగారికి అనిపించింది. కూర్చోబెట్టి కాగితం తీశారు. పైడమ్మ ఆ కాగితాన్నీ పెన్సిలునూ చూసి నేరుగా అడిగింది.

"నాకు దండేసే ఫోటోవేటి బాబూ?"

"కాదే. ఊరికినే."

"ఊరికే బొమ్మ ఎవులేస్తారు? ఏస్తే ఏసేవు గానీ ముక్కుకి నత్తు పెట్టు. మా కోడలు తాకట్టెట్టీసింది. రేపు నాను పోయేక ఫోటోలో నత్తు సూసి అదెక్కడుందో అని ఎతుక్కోవాల."

కోడలు వెతుక్కోవడం తలుచుకుని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆపడం ఆమె వల్ల కాలేదు. హాస్యం ఇదివరకే పూర్తయింది కాబట్టి ఆ బొమ్మ పనికిరాలేదు. లేచి వెళ్తూ నన్ను చూపించి, "ఈ బాబునెయ్యి, ఉలకడు పలకడు" అంది. ఎవరూ పట్టించుకోలేదు.

రైవాడ గట్టు మీద మౌనం

మధ్యాహ్నం ఆటోలో దేవరాపల్లి మీదుగా రైవాడ జలాశయానికి వెళ్లాం. నేను ఉద్యోగధర్మం కొద్దీ ముందు గేట్లు చూశాను. బాగానే ఉన్నాయి. గ్రీజు సకాలంలో వేస్తున్నారు. వియ్యంకుడిగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

గట్టు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాలు, అర్ధనిమీలిత నేత్రాలు, మోకాళ్ల మీద చేతులు. నీటి వెలుగు ముఖం మీద ఆడుతోంది. పెదవులు మంత్రం జపిస్తున్నట్టు కొద్దికొద్దిగా కదులుతున్నాయి.

"దొరికేడు బావగారూ" అన్నారు వియ్యంకుడిగారు.

ఆయన దూరం నుంచే బొమ్మ గీయడం మొదలుపెట్టారు. నేను ఊపిరి కూడా చిన్నగా పీల్చాను. గీత పూర్తయ్యే సమయానికి, అంతటి ప్రశాంతత ఎలా సాధించాడో తెలుసుకుంటే డైరీకి పనికొస్తుందని నేను దగ్గరకు వెళ్లి నమస్కారం పెట్టాను.

"ఏం జపిస్తున్నారు బాబూ?"

అతను కళ్లు తెరిచాడు.

"జపమేటండీ? మాయన్న గట్టు నాలుగడుగులు నా సేలోకి జరిపీసేడు. సాయంత్రం ఇంటికొస్తాడు. ఏటేటి తిట్టాలో వరస పెట్టుకుంటన్నాను. ఏడు కుదిరేయి. ఎనిమిదోది కుదరటం నేదు."

తరువాత అతను ఆ ఏడూ మాకు వినిపించాడు. నిజంగానే బాగా కుదిరాయి. డైరీలో రాసుకోలేదు, డైరీ మా అమ్మాయి కూడా చదువుతుంది. వియ్యంకుడిగారు కాగితం మడిచి సంచిలో పెట్టేశారు.

"మీరు అడక్కపోతే బాగుండేదండీ బావగారూ" అన్నారు ఆటోలో.

"అడగకుండా ఎలా ఉంటామండీ?" అన్నాను. ఇది తెనాలివాడి జవాబు.

వడ్డాది గేదె

ఆదివారం వడ్డాది. చుట్టుపక్కల పల్లెలకు అదే బజారు. దారిలో ఒక చోట బెల్లం వండుతున్నారు. వేడి వేడి పాకం ఆకులో పోసిచ్చారు. ఎంతో చెప్పమంటే తినేదానికి డబ్బులేమిటని కోప్పడ్డారు. మూడు ఆకులు తిన్నాను. ఆ పైన చోడి అంబలి, రాగులను ఇక్కడ చోళ్లంటారు, గ్లాసు పదిహేను రూపాయలు. ఉల్లిపాయ ముక్క ఉచితం. మా ఆవిడ మాతో రాలేదు కాబట్టి రెండో గ్లాసు కూడా తాగాను.

బజారంతా తిరిగాం. బుట్టలల్లే ముసలాయనలో శాంతం కనబడింది, తీరా చూస్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లు, క్రికెట్ వింటున్నాడు. వికెట్ పడగానే శాంతం పోయింది. పొగాకు కాడలమ్మే ఆవిడ నిశ్చలంగా ఉంది, ఫోటో తీస్తున్నామనుకుని. వియ్యంకుడిగారు ఎండకు వాడిపోయారు. శివరాత్రి దగ్గరపడుతోంది. నాకు జాలి వేసింది. అంబలి ప్రభావం కూడా ఉంది.

రోడ్డు పక్క గుంటలో ఒక గేదె మెడ దాకా నీళ్లలో మునిగి ఉంది. కళ్లు సగం మూసింది. ముక్కు మీద కాకి వాలినా కదలలేదు.

"బావగారూ, శాంతం మనుషుల దగ్గర లేదేమో. దాన్ని వేసేయండి, పూర్తయిపోతుంది" అన్నాను.

పరిహాసానికి అన్నాను. మా ఆఫీసులో ఇలాంటి మాటకు అందరూ నవ్వేవారు. సన్యాసిరావుగారు నవ్వలేదు. నావైపు చూశారు, గేదె వైపు చూశారు, ఆటో ఎక్కి కూర్చున్నారు. చోడవరం వచ్చేదాకా ఒక్క మాట లేదు. ఆటో దిగినప్పుడు మాత్రం "మెల్లగా దిగండి బావగారూ" అన్నారు. వియ్యంకుడికి కోపం వస్తే మర్యాద ఇంకా పెరుగుతుంది. అదే భయం.

ఇంట్లో అన్నపూర్ణకు చెప్పాను.

"నలభై ఏళ్ల తపస్సుకి గేదె అన్నారా?" అంది ఆవిడ. "ఆయన్ని మానకుండా చూడమని అమ్మాయి పంపిస్తే మీరే మాన్పించేట్టున్నారు. రేపు మనం వెళ్లిపోయాక మన అమ్మాయి ముఖం ఎలా చూస్తారు వీళ్లు? వెళ్లి క్షమించమని అడగండి."

పడక కుర్చీ

తోచినట్టు మాట్లాడితే మళ్లీ గేదెలాంటిదే ఏదో దొర్లుతుందని, చెప్పవలసినవి మనసులో వరుసగా పెట్టుకోవాలనుకున్నాను. భోజనమయ్యాక వరండాలో పడక కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నాను. మొదటిది, గేదె కేవలం ఉదాహరణ. రెండోది, గేదెను నేను చిన్నచూపు చూడను, మా ఇంట్లో పాడి ఉండేది. ఇది తీసేయాలి, విషయం పక్కదారి పడుతుంది. మూడోది...

లేచేసరికి ఎండ వాలిపోయింది. ఒళ్లో పైపంచె మీద చీమలు, పెదవి చివర కాస్త తడి. చెప్పవలసిన మాటలు ఒక్కటీ గుర్తులేవు. బొమ్మల గది తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది.

తట్టాను. "బావగారూ, పొద్దున్న నేనన్న మాట..."

"తరువాతండీ" అని లోపలి నుంచి వినిపించింది. టీకి రాలేదు. రాత్రి భోజనానికీ రాలేదు. తలుపు కింద నుంచి టర్పెంటైన్ వాసన మాత్రం వస్తోంది.

"కుంచెలు కడుగుతున్నాడేమో అన్నయ్యగారూ" అన్నారు నరసమ్మగారు. జీలకర్ర లేని చారుతో ముగ్గురం భోజనం ముగించాం. అన్నపూర్ణ బట్టలు మడిచే శబ్దంలోనే నాకు చెప్పవలసినదంతా చెప్పింది.

సోమవారం ఉదయం

ఇక్కడ రాసినదంతా నేను కళ్లారా చూసింది కాదు. తరువాత అందరినీ విడివిడిగా అడిగి, వరుసలో పెట్టుకున్నాను.

తెల్లవారగానే నేను పెరట్లోని స్నానాలగదిలోకి వెళ్లాను. ముందు గడ్డం, తరువాత తలస్నానం, ఆ పైన గుక్క తిప్పుకోవడానికి కాస్త విరామం. స్నానానికి నేను ఎక్కువసేపు తీసుకుంటానన్నది ఇంట్లో పాత ఆరోపణే.

అదే సమయంలో సన్యాసిరావుగారు గడియ తీసి, గది గడపలోనే తువ్వాలు పరుచుకుని నిద్రపోయారు. గదిలో కొత్త బొమ్మ ఉంది. టర్పెంటైన్ వాసనకు నరసమ్మగారికి తల తిరిగింది. బొమ్మను ఎత్తి తెచ్చి, అరుగు మీద కుర్చీలో, ఎండ తగిలేలా వీధి వైపు తిప్పి పెట్టారు. వాసన విరగడానికి పక్కన రెండు అగరొత్తులు వెలిగించారు. ఆ హడావుడిలో బొమ్మను సరిగా చూడలేదట. తరువాత పాలకు వెళ్లారు.

అన్నపూర్ణ తలంటుకుని, తడి జుట్టు విరబోసుకుని, కుర్చీ వెనక మెట్టు మీద కూర్చుంది. ఆవిడకు కాన్వాసు వెనకవైపు మాత్రమే కనబడుతోంది. నిన్నటి సంగతి మీద ముఖం ఇంకా ముభావంగానే ఉంది.

వీధిలో వెళ్లేవాళ్లకు ఏం కనబడిందో మీరు ఊహించగలరు. అరుగు మీద కుర్చీలో కళ్లు మూసిన పెద్దమనిషి ముఖం, పక్కన అగరొత్తులు, వెనక జుట్టు విరబోసుకున్న ఇల్లాలు. మొదట ఎదురింటాయన వచ్చి, చెప్పులు విడిచి నిలబడి, వెళ్లి అరటి హస్తం తెచ్చి పెట్టాడు. తరువాత నిన్నటి ఆటో అబ్బాయి. తరువాత వీధి వీధంతా. ఎవరో బంతి దండ వేశారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే అన్నపూర్ణ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్తున్నారు. పద్ధతి ప్రకారం ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఆవిడ దీన్ని ఈ ఊళ్లో చుట్టాలను సాగనంపే ఆచారం అనుకుంది. మూడు రోజుల పరిచయానికే ఇంత ఆపేక్షా అని ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాంతో వచ్చినవాళ్ల అనుమానాలు ఏమైనా ఉంటే అవీ తీరిపోయాయి.

నేను తలకు తువ్వాలు చుట్టుకుని, బనీను, లుంగీతో, కాఫీ ఎవరు ఇస్తారా అని అరుగు మీదకు వచ్చేసరికి గుమ్మం ముందు పాతిక జతల చెప్పులు ఉన్నాయి. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు పైడమ్మ. గంప పక్కన పెట్టి, కుర్చీకి ఎదురుగా కింద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఊరికే తడి కాదు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఎవరో పోయారనుకుని నేను కూడా గబగబా చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎవరని అడగబోయి, ఇక్కడి పద్ధతి గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆటో అబ్బాయి నా వైపు చూసి, రెండడుగులు వెనక్కి వేసి, ఎదురింటాయన కాలు తొక్కాడు. అప్పుడు అందరూ తలలెత్తారు.

పైడమ్మ నన్ను చూసింది. బొమ్మను చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"ఉన్నావేటి బాబూ?"

"ఉన్నానమ్మా."

"మరి ఇదేటి?"

నేను కుర్చీ ముందుకు వెళ్లి చూశాను. పడక కుర్చీలో నేనే. తల ఒక పక్కకు వాలింది, నోరు తెరిచి ఉంది, పెదవి చివర బెల్లం రంగులో ఒక చుక్క. ముఖం నీలం, బూడిద, మధ్యలో వెలుగు. నుదుటి మీద ముడతలున్నాయి కానీ వాటికి ఏ పనీ ఉన్నట్టు లేదు. ఈ ముఖాన్ని నేను ఎప్పుడూ చూడలేదు, చూసే అవకాశం కూడా లేదు. నిద్రలో ఉంటాను కదా.

అలికిడికి సన్యాసిరావుగారు లేచి వచ్చారు. చెంప మీద తువ్వాలు అచ్చు. ఆయనకు నేను గానీ, దండ గానీ, పాలచెంబుతో గుమ్మంలో బిగుసుకుపోయిన నరసమ్మగారు గానీ కనబడలేదు. పైడమ్మ చెంపలు మాత్రమే కనబడ్డాయి. అరుగు స్తంభం పట్టుకున్నారు.

"పైడమ్మా, ఎందుకేడ్సేవు? ఈయన పోయేరనుకునా?"

నేను కూడా ఆ జవాబు కోసమే చూశాను. అవునంటే నలభై ఏళ్లూ అటకెక్కుతాయి.

పైడమ్మ ముక్కు తుడుచుకుంది.

"ఈ బాబు పోతే నాకేటి బాబూ. మూడు రోజుల సుట్టం. ఆనపకాయి ఇరవైకిమ్మన్నోళ్లు. ఓ దండమెట్టి పోదారనే ఒచ్చేను." బొమ్మ వైపు చెయ్యి చూపింది. "ఆ నోరు సూసేను. మాయన పగలంతా నోరిప్పీవోడు కాడు. ఎప్పుడూ ఏదో బరువు మోస్తన్నట్టే ఉండీవోడు. నిద్దరోతే ఇదిగో, ఇలగే. ఈ నోరే. అప్పుడే మనిసి దించీసినట్టు కనపడీవోడు. లేపుతే మళ్లీ ఎత్తుకుంటాడని లేపీదాన్ని కాను. ఇన్నేళ్లయింది పోయి, ఆ ముకం మరిసిపోయేననుకున్నాను. నువ్వెక్కడ సూసేవు బాబూ?"

సన్యాసిరావుగారు మెట్టు మీద కూర్చుని, రంగు చేతులతోనే కళ్లు తుడుచుకున్నారు. ముఖమంతా నీలమైంది. నరసమ్మగారు పాలచెంబు కింద పెట్టి, ఎవరికీ కాకుండా, "నా వంటిల్లు బతికింది" అన్నారు. విషయం అప్పటికి పూర్తిగా అర్థమైన అన్నపూర్ణ నావైపు చూసిన చూపును వియ్యంకుడిగారు చూసి ఉంటే రౌద్రం మళ్లీ వేసేవారు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. "బావగారూ, నిన్న గేదె అన్న మాట..."

"భలేవారే బావగారూ. మీరన్నారు కాబట్టే దాన్ని సూసేను. ఇంటికొచ్చి మిమ్మల్ని సూసేను. రెండూ ఒకటే శాంతం."

నేను ఒక చిన్న మనవి చేసుకున్నాను. శివరాత్రికి మళ్లీ కల్యాణ మండపంలో పెడతారు కదా, ఊరంతా వస్తుంది కదా, ఆ లోపు ఆ నోరు కాస్త మూసి వేస్తే...

"ముట్టుకున్నావంటే సూడు" అంది పైడమ్మ. నాతో కాదు, ఆయనతో. ఆయన బుద్ధిగా తల ఊపారు.

పైడమ్మ గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఒక ఆనపకాయ కుర్చీ దగ్గరే వదిలేసింది. జనం కూడా ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్లారు. వెళ్తూ వెళ్తూ బొమ్మకు ఒక దండం, నాకు ఒక దండం. దండను ఆటో అబ్బాయి తీసేశాడు. పళ్లు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు, అలా తీసుకోకూడదట. కాఫీ ఆలస్యమయ్యేట్టుంది కాబట్టి అందులో రెండు నేను తిన్నాను. బాగా మగ్గాయి.